నాలుక లేని గంట

దెయ్యాలకు అర్ధరాత్రి కావాలంటారు. ఉత్తరాన చలి సముద్రం ఒడ్డునున్న ఉల్కెన్‌జీల్ అనే ఊళ్ళోని దెయ్యానికి ఆ పట్టింపు లేదు. అది మధ్యాహ్నం ఒంటిగంటకు లేస్తుంది, మూడింటికి పడుకుంటుంది. దానికి చీకటి అక్కర్లేదు... పొగమంచు ఉంటే చాలు.

ఊరి చివర సముద్రపు కరకట్ట మీద పడవల కొట్టం ఉంది. దాని పక్కన రెండు నల్లటి కొయ్య స్తంభాలు, వాటి మధ్య పచ్చగా కిలుం పట్టిన పాత కంచు గంట. పొగమంచు పట్టిన రోజు ఒంటిగంట దాటితే ఊళ్ళో ఎవరూ ఆ వైపు పోరు. కుక్కను తిప్పే వాళ్ళు కూడా చర్చి దగ్గరే వెనక్కి మళ్ళుతారు. గాలి మార్పుకు వచ్చిన వాళ్ళెవరైనా తెలియక అటు నడిస్తే, "అటు కాదండీ, ఇటు" అని చెయ్యి పట్టుకుని మరీ తిప్పుతారు. ఎందుకని అడిగితే చెప్పరు.

చెప్పేది ఒక్క ట్రీనె పిన్నే. వీధి మలుపులో చేప రొట్టెలు అమ్ముతుంది.

"ఆ గంట మోగుతుంది బాబూ."

"అదేంటి, దానికి నాలుకే లేదుగా?"

"లేదు. మోగేది ఇది కాదు... అవతలిది."

"అవతలిదంటే?"

ట్రీనె పిన్ని ఉల్లిపాయ తరగడం ఆపి, కత్తి మొనతో సముద్రం వైపు చూపిస్తుంది.

ఆ సముద్రం సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ ఆటు వేళకు నీళ్ళు కొద్దిగా తగ్గడం కాదు, కంటికి కనపడనంత దూరం వెనక్కి పోతాయి. మిగిలేది బూడిద రంగు బురద నేల. దాని మీద జనం కోసుల దూరం నడిచిపోయి గుల్లలు ఏరుతారు, గాలాలకు ఎర పురుగులు తవ్వుతారు. పోటు మొదలయ్యాక నీళ్ళు ఎదురుగా రావు. మొదట వెనకనున్న పాయలు నింపి, ఆ తర్వాత మనిషిని చుట్టుకుంటాయి. దానికి తోడు పొగమంచు దిగిందా... ఒడ్డు ఎటో, సముద్రం ఎటో తెలియదు. ఎటు చూసినా ఒకటే తెలుపు. అలాంటప్పుడు కట్ట మీద గంట కొట్టేవాళ్ళు. లోపలున్న వాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు.

గంట కొట్టే మనిషి పేరు ఊబో. అతని భార్య గేస్కె ఎర పురుగులు తవ్వేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, తోమ్కె.

ఆ రోజుల్లో గాలి మార్పుకు వచ్చే అతిథుల ఏర్పాట్లు చూడడానికి ఊరికి బేన్సెన్ అని ఒక డైరెక్టరు ఉండేవాడు. ఒడ్డున ఇసుకలో పేము గూడు కుర్చీలు ఎన్ని వెయ్యాలి, బ్యాండు ఎప్పుడు వాయించాలి, అతిథులు ఏ బెంచీ మీద కూర్చోవాలి, అన్నీ ఆయన చేతిలోనే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా నిశ్శబ్ద వేళ అని ఊరంతా బోర్డులు పెట్టించాడు. ఆ రెండు గంటలూ తివాచీ దులపకూడదు, మేకు కొట్టకూడదు, పిల్లలు బంతి ఆడకూడదు. గంట కూడా కొట్టకూడదు.

"పొగమంచు గడియారం చూసుకుని రాదండీ," అన్నాడు ఊబో.

"అతిథులు గడియారం చూసుకునే పడుకుంటారయ్యా," అన్నాడు డైరెక్టరు.

ఊబో వినే రకం కాదు. అందుకని డైరెక్టరు రోజూ ఒంటిగంటకు గంట నాలుకను కొక్కెం నుంచి తీయించి తన బల్ల మీద పెట్టించుకునేవాడు. మూడింటికి తిరిగి పంపేవాడు.

ఆగస్టులో ఒక రోజు ఒంటిగంటన్నరకు మంచు దిగింది. గేస్కె బురదలో ఉంది.

ఊబో ఆఫీసుకు పరుగెత్తాడు. తలుపు మూసి ఉంది. బాదాడు. లోపల్నుంచి నిద్ర గొంతు వినిపించింది — "నిశ్శబ్ద వేళ. మూడింటికి రండి."

ఊబో వెనక్కి పరుగెత్తి, ఉత్త పిడికిళ్ళతో గంటను బాదాడు. పన్నెండేళ్ళ తోమ్కె పక్కనే నిలబడి చూసింది. తడి గోనెసంచి మీద కొట్టినట్టు... దబ్, దబ్, దబ్. ఆ చప్పుడు కట్ట కూడా దిగలేదు. నాన్న వేళ్ళు విరగడం తోమ్కెకు వినపడింది. గంట మాత్రం వినపడలేదు.

గేస్కె రెండు రోజుల తర్వాత, బురదలో దారి తెలియడానికి పాతిన మూడో గుర్తు కొయ్య దగ్గర దొరికింది.

విచారణలో బేన్సెన్ లేచి నిలబడి స్పష్టంగా చెప్పాడు. "గంట మోగింది. నా చెవులతో విన్నాను. ఆమే వినిపించుకోలేదు." ఆఫీసు వాళ్ళు ఐదుగురు తలలూపారు. హోటళ్ళ వాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూశారు. సీజను ఇంకా మూడు వారాలు ఉంది మరి. పోలీసులు వెళ్ళి చూస్తే నాలుక కొక్కేనికే ఉంది. ఊబో తాగుబోతు అయ్యాడు, అబద్ధాలకోరు అయ్యాడు. పడవల కొట్టంలో గంట కొట్టిన వాళ్ళ పేర్లు రాసిన చెక్క ఉంటుంది, రెండు వందల ఏళ్ళ నాటిది. అందులో ఊబో పేరు మీద తారు పూశారు.

వంకర వేళ్ళతో నాలుగేళ్ళు బతికి చనిపోయాడు ఊబో. బేన్సెన్ మరుసటి వసంతంలోనే ఉద్యోగం మార్చుకుని ఎటో వెళ్ళిపోయాడు. గంట నాలుక కూడా ఆ దరిదాపుల్లోనే మాయమైంది. ఊబోయే కోపంతో సముద్రంలో విసిరేశాడని ఊళ్ళో అనుకున్నారు. కొత్తది ఎవరూ చేయించలేదు.

తోమ్కె మాత్రం ఆ చెక్కను మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం పడవల కొట్టానికి వెళ్ళి, ఆ తారు మరక ఎదుట కాసేపు నిలబడి వచ్చేది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ మరక పోవాలి. మరక పోవాలంటే ఒక్క మనిషి నోరు తెరవాలి. ఆ మనిషి తెరవడు. తెరవడు కాబట్టి... ఆ నోట్లో ఉప్పునీళ్ళు నిండాలి. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఆమె కోరుకున్నది అదే.

* * *

ముప్పై ఏళ్ళ తర్వాత, అక్టోబరు చివర్లో, తోమ్కె నడిపే ఆరు గదుల బసకు ఒక ముసలాయన వచ్చాడు. చేతికర్ర, మంచి కోటు, చిన్న తోలు పెట్టె. పెట్టె అందుకోబోతే —

"వద్దమ్మా, బరువు. నేనే తెచ్చుకుంటాను."

అతిథుల చీటీ మీద పేరు రాసి, జరిపాడు. తోమ్కె చదివింది. మళ్ళీ చదివింది.

"నాలుగో గది అండీ," అంది. గొంతు తనదిలాగే ఉన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో ట్రీనె పిన్నితో కలిసి రొయ్యలు ఒలుస్తోంది. పిన్ని చిన్నప్పుడు డైరెక్టరు ఆఫీసులో ఊడ్చేది. ఆ రోజు తలూపిన ఐదుగురిలో ఆమె ఒకతె. ఆ సంగతి తోమ్కెకు తెలుసు, తోమ్కెకు తెలుసని పిన్నికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా సాయంత్రం పూట వచ్చి, అడక్కుండానే రొయ్యలు ఒలిచి పోతుంది. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

"నాలుగో గదిలో ఎవరు దిగారో తెలుసా పిన్నీ?"

"ఎవరైతేనేం. రొయ్యలు తింటాడా, లేక పెద్దాసుపత్రి పథ్యం బాపతా?"

"బేన్సెన్."

పిన్ని చేతిలో రొయ్య గిన్నెలో పడింది.

"ఏ బేన్సెన్?"

"ఎంతమంది ఉన్నారేంటి?"

పిన్ని లేచి నడవా వైపు తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వెవరో ఆయనకు తెలుసా?"

"తెలీదు. పెళ్ళయ్యాక పేరు మారిందిగా. హాబెన్ గారూ, హాబెన్ గారూ అంటున్నాడు. మంచి మర్యాద."

"గది ఎందుకిచ్చావే? పురుగులున్నాయని చెప్పాల్సింది. టీలో చక్కెర బదులు ఉప్పు రాళ్ళెయ్యి రేపు."

తోమ్కె నవ్వలేదు. రొయ్య తల తుంచి పక్కన పెట్టింది. ఇంకోటి తుంచింది.

"ఏం చేద్దామనే నీ ఉద్దేశం?" అంది పిన్ని, గొంతు తగ్గించి.

"ఏమీ లేదు. చూస్తూ ఉంటా."

ముసలాయన పద్ధతులు విచిత్రంగా ఉండేవి. పొద్దున టీ దగ్గర కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే గదిలోకి పోయి చెవుల్లో దూది పెట్టుకునేవాడు. తోమ్కె దుప్పట్లు మార్చడానికి వెళ్ళినప్పుడు మంచం పక్కన ఆ దూది ఉండలు కనపడేవి. పెట్టె మీద దిండ్లు, దిండ్ల మీద కోటు కప్పి ఉండేవి.

మూడో రోజు ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ గంట... ఇంకా ఉంచారన్నమాట."

"తీసెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదండీ."

"మోగుతుందా?"

"నాలుక లేదుగా."

ఆయన కప్పు సాసర్లో పెడుతుంటే టకటకమంది.

*ఇంకా వణుకు,* అనుకుంది తోమ్కె. *ఇంకా.*

* * *

ఆ శనివారం రాత్రి తోమ్కె నడవాలోని పలక మీద సుద్దతో రాసింది — 'ఈ రాత్రి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకోండి. రేపటి నుంచి చలికాలపు వేళ.'

ఇక్కడ ఒక లెక్క ఉంది, జాగ్రత్తగా వినాలి. ఆటుపోట్ల వేళలు అచ్చేసే చిన్న పుస్తకం అక్కడ ప్రతి ఇంట్లో మేకుకు వేలాడుతుంది. అందులో ఏడాది పొడుగునా చలికాలపు వేళే ఉంటుంది. వేసవిలో గడియారాలు ఒక గంట ముందుంటాయి కనుక, పుస్తకంలో ఉన్నదానికి ఒక గంట కలుపుకోవాలి. ఆ ఊళ్ళో పుట్టిన వాళ్ళకు ఆ కలపడం ఊపిరి పీల్చడం లాంటిది, ఆలోచించి చెయ్యరు. కొత్తవాళ్ళు ఎవర్నో ఒకర్ని అడిగి వెళ్తారు, బతుకుతారు. ఏడాదిలో ఒకే ఒక్క ఆదివారం ఆ అలవాటు మనిషిని చంపుతుంది. గడియారం మారిన ఆదివారం. ఆ రోజు నుంచి కలపకూడదు.

తోమ్కె రోజూ ఉదయం పుస్తకం చూసి, పలక మీద ఆటు వేళ రాసిపెట్టేది. ఆ ఆదివారం పాత రాత తుడిచి, సుద్ద పట్టుకుని నిలబడింది. పుస్తకంలో 12.40 అని ఉంది. ఆ రోజుకు అదే అసలు వేళ. 12.40 తర్వాత నీళ్ళు తిరుగుతాయి.

"మోయిన్, హాబెన్ గారూ."

అక్కడ ఏ వేళకైనా పలకరింపు అదే. వెనక బేన్సెన్. పొడుగు బూట్లు వేసుకుని ఉన్నాడు.

"మోయిన్ అండీ. బురదలోకా?"

"మూడో గుర్తు కొయ్య దాకా వెళ్ళొస్తాను. చాలా ఏళ్ళుగా అనుకుంటున్నది."

మూడో గుర్తు కొయ్య. తోమ్కె వేళ్ళ మధ్య సుద్ద విరిగింది. *అమ్మ దొరికిన చోటికి... షికారా?*

"వేళ రాస్తానుండండి," అంది ఎట్లాగో.

"ఎందుకమ్మా శ్రమ. ఉయ్యాలలోనే నేర్చుకున్న లెక్క నాది." మేకుకున్న పుస్తకం తిప్పి చూశాడు. "పన్నెండు నలభై. ఒక గంట కలిపితే ఒకటీ నలభై. పన్నెండున్నరకు బయల్దేరితే సరిగ్గా ఆటు అడుగంటే వేళకు కొయ్య దగ్గరుంటాను. నీళ్ళు తిరిగేసరికి వెనక్కి."

చేతి గడియారం చూసుకున్నాడు. దాన్ని రాత్రే వెనక్కి తిప్పుకున్నాడు. గడియారాన్ని తిప్పాడు... అలవాటును తిప్పుకోలేదు.

ఒక్క మాట చాలు. 'ఈ రోజు కలపకూడదండీ.' ఆ మాట నాలుక చివరే ఉంది.

తోమ్కె సుద్ద ముక్కను పలక అంచు మీద పెట్టింది. చేతులు దులుపుకుంది.

"టీ తాగి వెళ్ళండి," అంది.

రెండు కప్పులు తాగాడు. మూడోది పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ దేశంలో మూడు కప్పులు తాగకుండా లేస్తే పోసినవాళ్ళను చిన్నబుచ్చినట్టు. కప్పులో చెంచా పెట్టేదాకా పోస్తూనే ఉంటారు. ఆయన చెంచా పెట్టలేదు.

"మూడోది వచ్చాక తాగుతాను. అప్పుడు మీతో ఒక మాట చెప్పాలి."

"సరేనండీ," అంది తోమ్కె. "పోసి ఉంచుతాను."

* * *

ఒంటిగంట కావొస్తుండగా మంచు దిగింది. ముందు సముద్రం పోయింది, తర్వాత కట్ట పోయింది, తర్వాత ఎదురింటి కిటికీలు పోయాయి. పగలు మధ్యలోనే చీకటిపడ్డట్టయింది. తోమ్కె వంటింట్లో దీపం వేసింది.

ఒంటిగంట కొట్టింది. నిశ్శబ్ద వేళ. బోర్డులు ఊడబెరికి ఏళ్ళయినా ఊరికి ఆ అలవాటు పోలేదు. తలుపులు మూసుకున్నాయి. తెరలు దిగాయి.

తోమ్కె మూడో కప్పు పోసి, బల్ల మీద ఆయన చోట పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆవిరి లేస్తోంది. ముప్పై ఏళ్ళు ఈ ఘడియ కోసమే కదా... సంతోషం వస్తుందని ఎదురుచూసింది. ఇంకా రాలేదు.

అప్పుడు —

టంగ్.

దూరంగా. మెత్తగా. కంచు.

తోమ్కె లేచి నిలబడింది.

టంగ్... టంగ్...

చిన్నప్పుడు పక్కలో పడుకుని విన్న చప్పుడు అది, ముప్పై ఏళ్ళకు మళ్ళీ. పొరబడడానికి లేదు. కానీ అది కట్ట వైపు నుంచి రావడం లేదు. సముద్రం లోపల్నుంచి వస్తోంది.

తలుపు తోసుకుని ట్రీనె పిన్ని వచ్చింది. తలకు రుమాలు కూడా లేదు.

"వింటున్నావా?"

"వింటున్నా."

"ఆయన గదిలో ఉన్నాడా?"

తోమ్కె కిటికీ వైపు చూసింది. పిన్ని నడవాలోకి నడిచి, పలక చూసింది. ఖాళీ పలక. కింద విరిగిన సుద్ద. పుస్తకం చూసింది. గడియారం చూసింది. ఆమె కూడా ఆ ఊరి మనిషే. లెక్క తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

"చెప్పలేదా నువ్వు?"

"నువ్వు చెప్పావా పిన్నీ?" అంది తోమ్కె. "ఆ రోజు?"

ముప్పై ఏళ్ళు ఎత్తని మాట, ఇప్పుడు వంటింటి మధ్యలో నిలబడింది.

పిన్ని వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది.

"చెప్పలేదు," అంది. "అందుకే అంటున్నా. పో. పరుగెత్తు!"

తోమ్కె పొయ్యి కెలికే ఇనుప చువ్వ అందుకుని బయటికి నడిచింది. పరుగెత్తలేదు. నడిచింది.

కట్ట మీద గంట కదలకుండా వేలాడుతోంది. దాని అంచు నుంచి మంచు నీళ్ళు చుక్కలు చుక్కలుగా జారుతున్నాయి. లోపల ఖాళీ. అవతల, తెలుపులోంచి, ఇంకో గంట మోగుతూనే ఉంది... తొందర లేదు, విసుగు లేదు.

"ఎవరైనా ఉన్నారా?"

తోమ్కె ఉలిక్కిపడింది. బేన్సెన్ గొంతు. మరీ దూరం కాదు. కట్ట కింద రెండు మూడు వందల అడుగులు, అంతే. మంచు చూసి సగం దారిలోనే వెనక్కి తిరిగి ఉంటాడు.

"ఎవరైనా ఉన్నారా? కట్ట ఎటండీ?"

చువ్వ ఎత్తింది. ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ కొడితే ఆయన ఇటు తిరుగుతాడు.

మూసిన తలుపు గుర్తొచ్చింది. విరిగిన వేళ్ళు గుర్తొచ్చాయి. తారు మరక గుర్తొచ్చింది.

"నిశ్శబ్ద వేళండీ," అంది తోమ్కె, మెల్లగా, తనకు మాత్రమే వినపడేలా. "మూడింటికి రండి."

అవతలి గంట మోగింది. ఆయన అడుగుల చప్పుడు... నీళ్ళలో... అటు తిరిగింది.

"అమ్మయ్య," అనడం వినిపించింది. "అటా!"

చప్ చప్ చప్... దూరమైంది. ఇంకా దూరమైంది. మోకాళ్ళ లోతు నీళ్ళ చప్పుడైంది. నడుము లోతు చప్పుడైంది. అప్పుడు మంచు చీల్చుకుంటూ ఒక కేక వచ్చింది.

"ఊబో! గంట కొట్టు ఊబో! ఊబో, నేనే... తలుపు తీయలేదు ఊబో... కొట్టవయ్యా!"

నాన్న పేరు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరూ గట్టిగా అనని పేరు.

తోమ్కెలో ఏదో తెగింది. చువ్వ ఎత్తి శక్తికొద్దీ గంట మీద కొట్టింది.

దబ్.

ఇనుము కంచుకు తగిలితే రావలసిన చప్పుడు కాదు. తడి గోనెసంచి మీద కొట్టినట్టు. లోపల్నుంచి ఎవరో అరచెయ్యి ఆనించి పట్టుకున్నట్టు.

మళ్ళీ కొట్టింది. దబ్. చువ్వ వంగింది. పారేసి పిడికిళ్ళతో కొట్టింది. దబ్, దబ్, దబ్. "ఇటు! ఇటు రండి!" అని అరిచింది. ఆ అరుపు నోటి ముందే మంచులో ఇంకిపోయింది.

అవతలి గంట ఒక్క క్షణం ఆగింది. విన్నట్టే ఆగింది.

తర్వాత, ముందులాగే, మోగింది.

* * *

మూడు కొట్టేసరికి గంట ఆగింది. మంచు లేచింది. సూర్యుడు కూడా వచ్చాడు. రేవు నుంచి పడవ వెళ్ళి, పోటు నీళ్ళలో మూడో గుర్తు కొయ్య దగ్గర నుంచి బేన్సెన్ శవాన్ని తెచ్చింది. రెండు చేతులూ ఆ కొయ్యను చుట్టుకుని ఉన్నాయి. విడదీయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

జిల్లా కేంద్రం నుంచి పోలీసు వచ్చాడు. కుర్రవాడు, ఆ ఊరికి కొత్త. వీధిలో అందర్నీ అడిగాడు.

"గంట మోగిందా?"

"మోగింది," అన్నారు అందరూ. "మేమంతా విన్నాం."

"మీరు?" అన్నాడు తోమ్కెతో. ఆమె రెండు చేతులకూ పిన్ని గుడ్డలు చుట్టి ఉంది.

"మోగింది," అంది తోమ్కె. ఆ తర్వాతి మాటలు వాటంతటవే వచ్చాయి. "ఆయనే వినిపించుకోలేదు."

అన్నాక, ఆ మాటలు ఎవరివో గుర్తొచ్చి నోరు మూసుకుంది.

పోలీసు రాసుకున్నాడు. పలక వైపు చూశాడు. "వేళ రాయలేదేం?"

"తనకు తెలుసన్నాడు."

"ఇక్కడి మనిషేనట కదా. మీ తప్పేం లేదు లెండి," అన్నాడు. దయగల కుర్రవాడు.

వెళ్ళే ముందు కట్ట ఎక్కి గంట చూశాడు. కింద వంగి లోపల చూశాడు. అందర్నీ చూశాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

తోలు పెట్టె నాలుగో గదిలో తోమ్కె ఎదుటే తెరిచాడు. పైన ఒక కవరు, ఊరి పెద్దల సభకు రాసినది. పైకి చదివాడు.

'ఆ రోజు గంట మోగలేదు. నాలుక నా బల్ల మీద ఉంది. ఊబో తాగి లేడు. వచ్చి నా తలుపు కొట్టాడు, నేను తీయలేదు. అతని పేరు మీది తారు చెరపండి, కావాలంటే నా పేరు మీద పూయండి. ఆ రోజు నుంచి ఒంటిగంటకు అది దానంతట అదే మోగుతుంటే భరించలేక నాలుక పీకి పట్టుకుపోయాను. ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లో మోగుతోంది. ఊబో కూతురు బతికే ఉందని విన్నాను. ఆమెను వెతికి, దీన్ని ఆమె చేతిలో పెట్టి, ఏ శిక్ష వేస్తే అది పడతాను.'

కింద ఇంకో సిరాతో, ఆ ఉదయపు తేదీతో, ఒక వాక్యం.

'ముందు గేస్కె దొరికిన చోటికి వెళ్ళి క్షమాపణ అడిగి వస్తాను. వచ్చి, టీ దగ్గర హాబెన్ గారిని కూతురి సంగతి అడుగుతాను. మంచి మనిషిలా ఉంది, చెబుతుంది.'

పోలీసు కాగితం మడిచి కవర్లో పెట్టాడు.

పెట్టె అడుగున చేతి రుమాలులో చుట్టిన బరువైన వస్తువు. పోలీసు దాన్ని తీసి ఆమె గుడ్డ కట్ల చేతుల్లో పెట్టాడు. "ఎవరో ఆ కూతురు. దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి."

పోలీసు మెట్లు దిగిపోయాక విప్పింది. కాగితాలు పొడిగా ఉన్నాయి. పెట్టె పొడిగా ఉంది. గంట నాలుక మాత్రం తడిసి ఉంది. ఇనుప గుండు మీద బూడిద రంగు బురద, ఇంకా ఆరలేదు. చేతుల్లో సన్నగా అదురుతోంది... ఎవరో అప్పుడే కొట్టి వదిలినట్టు.

చెక్క మీది తారు మరుసటి వసంతంలో గీకేశారు. ఊబో పేరు తెల్లరంగుతో మళ్ళీ రాశారు. తోమ్కెను పిలిచారు. ఆమె వెళ్ళలేదు. ఆ తర్వాత ఆదివారాలు కూడా వెళ్ళలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం తెల్లారి సోమవారం, తోమ్కె నాలుకను వంటింటి సొరుగులో పెట్టి తాళం వేసింది. బయట ఎండ కాస్తోంది. పొగమంచు జాడే లేదు. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

పావుగంట తర్వాత ఆమె తలకు రుమాలైనా లేకుండా మందుల కొట్టు తలుపు కొట్టింది. కొట్టువాడు తెర తీసి, నిద్ర కళ్ళతో చూశాడు.

"నిశ్శబ్ద వేళమ్మా. మూడింటికి రాకూడదూ?"

"రాలేను," అంది తోమ్కె. "కాస్త దూది కావాలి."

"ఎంత?"

"చెవులకు సరిపడా."